గుమ్మిలో దాచిన ఫిడేలు

భద్రాచలం దగ్గర గోదావరి డెబ్బై ఒక్క అడుగులు దాటి, పంతొమ్మిది వందల ఎనభై ఆరు వరద చూసిన ముసలివాళ్లను కూడా బెదరగొట్టిన ఏడు అది. ఆ నీళ్లు తెల్లమద్దిగూడెం గుడి మెట్లెక్కి, లోపలి బల్లల కాళ్లు తడిపి, వారానికి గానీ తగ్గలేదు. నీళ్లు రాకముందే ఫాదర్ షాలేమ్‌రాజు గుడి సామాన్లన్నీ మేడ మీదికి చేర్పించాడు. పూజ వస్త్రాలు, జ్ఞానస్నానాల పుస్తకాలు, మరియమ్మ స్వరూపం. వాటి మధ్య ఒక నల్లటి పొడవాటి పెట్టె. అందులో ఫిడేలు.

ఆ ఫాదర్ కిందటేడే నేలకొండపల్లి వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. పెట్టె తెరిచి, ఫిడేలు కడుపులోకి సెల్‌ఫోను లైటు వేసి చూస్తే లోపల ఒక పాత కాగితం అంటించి కనిపించింది. ఫొటో తీసి హైదరాబాదులో తెలిసినవాళ్లకు పంపించాడు. అది చేతులు మారి మారి లిఖిత అనే అమ్మాయికి చేరింది. పాత వాద్యాలు ఎక్కడ పుట్టాయో, ఎవరెవరి చేతుల మీదుగా వచ్చాయో చూసి రాసిపెట్టడం ఆమె పని. తనూ ఫిడేలు వాయిస్తుంది. పనులన్నీ తెముల్చుకుని ఆమె వచ్చేసరికి నవంబరు ఒకటో తారీఖు అయింది. తెల్లవారితే సమాధుల పండుగ.

వాయించే మనిషి వస్తోందని విన్నప్పటి నుంచి అంతోనయ్యకు తిండి సయించలేదు.

అంతోనయ్య ఆ ఊరి వడ్రంగి. డెబ్బై ఏళ్లు పైబడ్డా చేతిలో ఉలి వణకదు. మనిషి మాత్రం మాట పొదుపు. "మా బావతోటి ముచ్చట పెట్టాలంటే ఇద్దరి మాటలు మనమే మాట్లాడుకోవాలె" అని మరదలు ముత్యాలు ఊరంతా చెప్పి నవ్వుతుంది. భార్య సవరమ్మ పోయి నాలుగేళ్లయింది. ఫిడేలును చివరిసారి వాయించింది ఆమే.

ఆ ఫిడేలు ఊళ్లోకి వచ్చిన వైనం ఇది. అంతోనయ్య పుట్టకముందు, సముద్రం అవతలి నుంచి ఒక తెల్లస్వామి ఎడ్లబండి మీద ఈ అడవిలోకి వచ్చాడు. తాత వాయించిన ఫిడేలును వెంట తెచ్చుకున్నాడు. వచ్చిన ఏడే చలిజ్వరాలు పట్టి ఊళ్లో పిల్లలు వరసగా పోయారు. తల్లులను ఓదార్చాలంటే ఆయనకు తెలుగు రాదు. అప్పుడు పెట్టె తెరిచి, గుంట పక్కన నిలబడి ఫిడేలు వాయించాడట. అదే ఆనవాయితీ అయింది. ఆ తర్వాత తెలుగు నేర్చి ప్రసంగాలు చేశాడు గానీ, సమాధి దగ్గర మాత్రం మాట మాట్లాడేవాడు కాదు, వాయించేవాడు. ఆయనా ఇక్కడే జ్వరంతో పోయాడు. మొదటి సమాధుల వరసలో ఆయనదీ ఉంది. ఫిడేలు గుడిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి గంగయ్యకు వచ్చింది, గంగయ్య నుంచి హాస్టలు సిస్టరమ్మకు, ఆమె నుంచి సవరమ్మకు. ఏటా సమాధుల పండుగ నాడు పొద్దున్నే ఒక్కో సమాధి దగ్గర ఆగి, ఒక్కో పాట వాయించి ముందుకు కదలాలి. వాయించని సమాధి ఉండకూడదు.

సవరమ్మ సమాధి మీద మాత్రం ఆ ఫిడేలు ఇంతవరకు మోగలేదు. ఆమె నేర్పిన పిల్లలు నర్సింగులకని, ఉద్యోగాలకని తలా ఒక దిక్కు పోయారు. తీగలు వదులు చేసి పెట్టెలో పెట్టిన ఫిడేలు పెట్టెలోనే ఉండిపోయింది. బతికున్నప్పుడు ఆమె నవ్వుతూ అనేది: "అందరికి నేను వాయిస్తున్న. నేను పోతే నాకెవరు వాయిస్తరయ్యా?" ఆమె పోయాక అంతోనయ్యకు నాలుగు పండుగలు ఆ మాటతోనే గడిచాయి.

అందుకే ఆ మధ్యాహ్నం, గుడి వరండాలో లిఖిత ఫిడేలును తెల్లగుడ్డ మీద పెట్టి చూస్తుంటే, ఆయన స్తంభానికి ఆనుకుని కూర్చుని ఆమె చేతులనే చూస్తున్నాడు. రేపు ఒక్క పాట వాయించమని అడగాలి. ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. అవతల ముత్యాలు, ఇంకో నలుగురు ఆడవాళ్లు సమాధుల సిలువలకు వేసే సున్నం కలుపుతున్నారు.

లిఖిత చిన్న అద్దం లోపలికి పోనిచ్చి, కాగితం మీద అక్షరాలు కూడబలుక్కుని చదివింది. తల ఎత్తేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది.

"ఫాదర్, ఇది ఇటలీలో చేసింది. చేసినాయన పేరు సగం చెరిగింది. సంవత్సరం పద్దెనిమిది వందల అరవై ఎంతో. కాగితం మూల చిరిగిపోయింది, చివరి అంకె లేదు. అది కాదు విషయం. ఈ వెనక పలక చూడండి. అక్కడ అందరూ మేపుల్ అనే చెక్క వాడతారు. ఇది మేపుల్ కాదు. ఇది మన గుమ్మడిటేకు!"

"అంటే?"

"నూట అరవై ఏళ్ల కింద మన గోదావరి చెక్క ఓడెక్కి అక్కడికి పోయి, ఫిడేలై మళ్లీ ఈ అడవికే వచ్చిందన్నమాట. ఇట్లాంటిది నేను ఇంకోటి చూడలేదు."

"పలకను తర్వాత ఎవరైనా మార్చి ఉండొచ్చు కదా మేడమ్?" అని ఫాదర్ అడిగాడు.

"నాకూ అదే అనుమానం వచ్చింది. కానీ కాగితం అంటించింది వెనక పలక మీదే కదా. పలక మారిస్తే కాగితం పోవాలి. ఇది ఎప్పుడైనా విరగడం, ఊడటం జరిగిందా?"

సున్నం చేతులతోనే ముత్యాలు అందుకుంది. "విరుగుడా? ఏం మాట బిడ్డా అది! ఎనభై ఆరు వరదల ఊరు ఊరంత మునిగిపాయె. నాలుగు దినాలు నీళ్లల్ల ఉన్నా దీనికి చుక్క తడి అంటలే. దేవుని మహిమ అది. ఏటేట ఆ దినం దీన్ని పెట్టెతోటే ఊరేగిస్తం. నేనే హారతిస్త."

లిఖిత అది కూడా రాసుకుంది.

"అయితే ఇది మ్యూజియంలో ఉండాల్సిన వస్తువు ఫాదర్. ఈ చెమ్మలో పెట్టకూడదు. వచ్చే వారం వాళ్లే మనుషులను పంపిస్తారు."

"అయ్యో, గట్లనా?" ముత్యాలు గొంతు తగ్గింది. "సరే, తీసుకపోతే తీసుకపోండ్రి. రేపు ఒక్కనాడు సమాధులకాడ వాయించు బిడ్డా. మా అక్క పోయిన కాన్నుంచి వాయించేటోళ్లు లేరు. మా అక్కకే వాయించలే."

లిఖిత ఫిడేలు మీద చెయ్యి వేసి తల అడ్డంగా ఊపింది. "వాయించడం కుదరదమ్మా. తీగలు బిగిస్తే ఎంత లాగుతాయో మీకు తెలియదు. ఇంత పాతది, ఒక్క కీలు కూడా కదలని వస్తువు. పలక పగిలితే నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను. ఇక ముందు ఇది అద్దాల పెట్టెలోనే ఉండాలి."

ముత్యాలు వెనక్కి వెళ్లి సున్నం బకెట్టులో కర్ర తిప్పసాగింది.

అంతోనయ్య తన రెండు చేతుల వంక చూసుకున్నాడు.

ఎనభై ఆరులో ఆ పెద్ద వరద నాటికి ఆయన పాల్వంచలో ఉన్నాడు. కంపెనీ కాలనీలో తలుపులు బిగించే పని. రోడ్లు తెగిపోయి, తొమ్మిదో నాటికి గానీ ఊరు చేరలేకపోయాడు. సిస్టరమ్మలు లారీ ఎక్కి వెళ్లిపోతూ ఫిడేలును, తమ దగ్గర వాయించడం నేర్చుకుంటున్న సవరమ్మ చేతిలో పెట్టి వెళ్లారు. ఊరంతా గుట్ట మీదికి పోతోంది. పైన వాన కుండపోత. ఎత్తుకుపోతే తడిసిపోతుందని ఆమె భయపడింది. ఆ ఊళ్లో అపురూపమైనది ఏదైనా వడ్ల గుమ్మిలోనే దాస్తారు. వెదురుతో అల్లి పేడమట్టి మెత్తిన గుమ్మి అది, మనిషెత్తు ఉంటుంది. విత్తనాల మూట అందులోనే, వెండి కడియాలు అందులోనే. వడ్లు చెమ్మ పీల్చుకుంటాయి, ఎలుక చేరదు, దొంగ చెయ్యి పెట్టడు. సవరమ్మ తల్లిగారిల్లు ఊరికి ఎత్తున ఉంది. ఆ గడపకు ఏనాడూ నీళ్లు రాలేదు. ఆమె ఫిడేలును పాత చీరలో చుట్టి, నిండు గుమ్మి నడుమ భుజాల దాకా చేతులు పెట్టి దాచి, ధైర్యంగా గుట్ట ఎక్కింది.

ఆ గడపకూ నీళ్లు వచ్చాయి. నానిన వడ్లు ఉబ్బి ఉబ్బి గుమ్మినే పగలగొట్టాయి.

అంతోనయ్య వచ్చేసరికి ఆమె పగిలిన గుమ్మి ముందు కూర్చుని ఉంది. ఏడవడం కూడా అయిపోయింది. ఒళ్లో ఫిడేలు. జిగురు కరిగి కీళ్లన్నీ ఊడిపోయాయి. వెనక పలక మూడు ముక్కలైంది. ముందు పలకకున్న రెండు సందుల్లోంచి వడ్ల మొలకలు తెల్లగా, జానెడేసి బయటికి వచ్చి ఉన్నాయి.

"నేనే చంపిన దీన్ని" అంది ఆమె.

సిస్టరమ్మలు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ అంతోనయ్య ఇంకో పని ముట్టలేదు. ఇంట్లో పొయ్యి పైన అటక మీద, తండ్రి నాటి నుంచి పొగచూరిన గుమ్మడిటేకు పలక ఒకటి ఉండేది. దాన్ని దించాడు. మూడు ముక్కలనూ నేల మీద కలిపి పెట్టి, ఆ ఆకారానికి కోశాడు. తోలు ఉడికించి జిగురు కాచాడు. గాజుపెంకుతో గీకి గీకి పలకను పలచన చేశాడు. అయితే ఎంత పలచనో ఆయనకు తెలియదు. పాత పలక నీళ్లకు ఉబ్బి, దాని లెక్క పోయింది. అప్పుడు సవరమ్మ పక్కన కూర్చుంది. ఆయన పలకను రెండు వేళ్లతో పట్టుకుని వేలి కణుపుతో తట్టేవాడు. ఆమె కళ్లు మూసుకుని వినేది.

"ఇంకొంచెం."

మళ్లీ గీకేవాడు. మళ్లీ తట్టేవాడు.

"ఇంకొంచెం. నడుమల గాదు, అంచుకు."

పదకొండు రోజులు అట్లా గడిచాయి. ఒకనాడు ఆయన తట్టగానే ఆమె చప్పున కళ్లు తెరిచి, ఆయన మణికట్టు పట్టుకుంది. "చాలు" అంది. పెళ్లయి ఐదేళ్లయినా ఆ ఇంట్లో వాళ్లిద్దరూ అంతగా మాట్లాడుకున్నది ఆ పదకొండు రోజుల్లోనే.

పాత పలక మీది కాగితాన్ని గోటితో లేపి కొత్త పలకకు అంటించాడు. చేసినవాడి పేరు పోగూడదు గదా అనుకున్నాడు, అంతే. లక్కరంగు పూశాడు.

సిస్టరమ్మ వచ్చి పెట్టె తెరిచింది. సవరమ్మ చెప్పేద్దామని నోరు తెరిచేలోపే సిస్టరమ్మ మోకాళ్ల మీద పడి దండం పెట్టింది. వెనక ఊరంతా మోకరించింది. ఇళ్లు, గొడ్లు, గింజలు అన్నీ పోయిన జనం. ఒక్కటైనా చెడకుండా మిగిలిందని ఏడుస్తున్నారు. సవరమ్మ మొగుడి వంక చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత కూడా ఆమె చాలాసార్లు అడిగింది, "చెప్పేద్దామయ్యా, నాకు గుండెల మీద బండ ఉన్నట్టుంది" అని. ప్రతిసారీ ఆయన "ఉండనియ్" అనే అన్నాడు. జనం ఆమె చేతిలోంచి ఫిడేలు లాక్కుంటారేమోనని ఆయన భయం. ఆమె ఆ బరువుతోనే పోయింది.

ఇప్పుడు నోరు మూసుకుంటే సవరమ్మ పేరు భద్రంగా ఉంటుంది, ఫిడేలు అద్దాల పెట్టెలోకి పోతుంది, ఆమె సమాధి ఊరికే ఉండిపోతుంది. నోరు తెరిస్తే పాట దక్కుతుందేమో గానీ, ఆమె తప్పు ఊరందరి నోళ్లలో పడుతుంది.

లిఖిత ఫిడేలును పెట్టెలో పెట్టి మూత వేయబోతోంది.

"బిడ్డా" అన్నాడు అంతోనయ్య. స్తంభం వదిలి లేచాడు. "ఆ ఎనక పలక నేను జేసిన."

ఫాదర్ సరిగ్గా వినలేదు. "ఏంది తాతా?"

"ఎనభై ఆరు వరదల అది పగిలింది. మహిమ గిహిమ ఏం లేదు. నేను జేసిన."

"బావా, ఎండ గిట్ల తాకిందా ఏంది?" ముత్యాలు లేచి వచ్చింది. "మాట్లాడక మాట్లాడక గిదా మాట్లాడేది? అది చేసుడేంది నువ్వు? నీకు నాగలి, తలుపులు దప్ప ఏమొస్తయ్?"

అంతోనయ్య మెట్లు దిగి ఇంటికి వెళ్లాడు. కాసేపటికి చంకలో ఒక మూటతో తిరిగి వచ్చి, లిఖిత ముందు విప్పాడు. పాత చీర. అందులో నల్లబడ్డ, వంకరపోయిన మూడు చెక్క ముక్కలు.

లిఖిత ఒక ముక్కను వెలుతురుకు తిప్పింది. దాని మీద గోరంత కాగితం ముక్క అంటుకుని ఉంది. అద్దం పెట్టి ఫిడేలు లోపలి కాగితాన్ని చూసింది, మళ్లీ ఈ గోరంతను చూసింది. చిరుగు చిరుగుకు సరిపోయింది. గోరంత ముక్క మీద ఏడు అంకె ఉంది.

"అరవై ఏడు" అంది నెమ్మదిగా. "పద్దెనిమిది వందల అరవై ఏడు." తను మధ్యాహ్నమంతా రాసిన కాగితాన్ని చూసుకుని నవ్వింది. "నేను మీ పలకను ఓడెక్కించి ఇటలీ పంపించాను తాతా!"

ముత్యాలు నవ్వలేదు. ఆ చీరను గుర్తుపట్టింది. "ఇది మా అక్క చీర. మా అక్క చేతిల ఉండంగ పగిలిందా? ఎట్ల?"

ఆయన చెప్పాడు. గుమ్మి, వాన, మొలకలు, ఆమె చెప్తానంటే తను ఆపడం, అన్నీ. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నలభై ఏళ్లలో అన్ని మాటలు ఆయన నోటివెంట ఆ ఊరు వినలేదు.

"గుమ్మిల పెట్టిందా?" ముత్యాలు మెట్టు మీద కూలబడింది. "నేనైనా ఆడనే పెడుదు గదా. మా అమ్మ కమ్మలు గూడ ఆ గుమ్మిలనే ఉండె." ఆ మాటతో కొంచెం మెత్తబడ్డట్టే కనిపించి, ఒక్కసారిగా మండిపడింది. "కానీ మమ్ముల ముప్పై ఆరేండ్లు మొక్కిచ్చినవ్ గదా బావా, నీ గుమ్మడిటేకు చెక్కకు! నేను హారతిచ్చిన, కొబ్బరికాయలు కొట్టిన. నువ్వు పక్కకు నిలబడి సూసుకుంట ఉన్నవ్. మా అక్క చెప్తనంటే నోరు మూయించినవ్. నేను రేపు రాను పో. నీ మొఖం నాకు సూపియ్యకు."

బకెట్టు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. మిగిలిన ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే కదిలారు.

ఫాదర్ ఫిడేలు వెనక పలకను వేలితో తడిమాడు. "నేను ఆగస్టులో దీని మీదనే ప్రసంగం చెప్పిన" అన్నాడు. తర్వాత లిఖిత వైపు తిరిగాడు. "ఇప్పుడు మ్యూజియం వాళ్లకు ఏం చెప్తారు?"

"ఉన్నది ఉన్నట్టు చెప్తా. ముందుభాగం ఇటలీ, పద్దెనిమిది వందల అరవై ఏడు. వెనక పలక తెల్లమద్దిగూడెం, పంతొమ్మిది వందల ఎనభై ఆరు, చేసినవారు అంతోనయ్య. వాళ్లకు ఇట్లాంటివి అక్కర్లేదు ఫాదర్. కీళ్లూడి మళ్లీ అతికినది వాళ్ల లెక్కలోకి రాదు."

"సవరమ్మ పేరు గూడ రాయి" అన్నాడు అంతోనయ్య. "నేను గీకిన. ఇనింది ఆమె."

లిఖిత రాసింది. రాసి, కలం మూత పెట్టి, పలకను వేలి కణుపుతో తట్టింది. చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి తట్టింది.

అంతోనయ్య ఆమె వంకే చూస్తున్నాడు. అడగాల్సిన మాట ఇంకా లోపలే ఉంది. ఇక అడిగేశాడు. "ఇది మళ్ల పగిల్తె నేను మళ్ల చేస్త. రేపు వాయిస్తవా బిడ్డా?"

లిఖిత తన సంచీలోంచి కొత్త తీగల పొట్లం తీసింది. ఫిడేలు లోపల రెండు పలకల మధ్య నిలబెట్టే చిన్న పుల్ల పడిపోయి ఉంటే, అంతోనయ్య వంచిన ఇనుపతీగతో దాన్ని సందులోంచి లేపి నిలబెట్టాడు. పొద్దు వాలేలోపు నాలుగు తీగలూ ఎక్కాయి.

మర్నాడు పొద్దున్నే అంతోనయ్య పార తీసుకుని అందరికన్నా ముందు సమాధుల దొడ్డికి వెళ్లాడు. జూలై వరద తెచ్చిన ఒండ్రు సవరమ్మ సమాధి పక్కల ఇంకా గట్టిగా పేరుకుని ఉంది. దాన్ని చెక్కి, సిలువకు సున్నం తనే వేసి, పక్కన కూర్చున్నాడు.

మంచు విడిచేసరికి ఫాదర్, లిఖిత, వెనక జనం వచ్చారు. అందరూ రాలేదు. సగం మంది వచ్చారు. తెల్లస్వామి సమాధితో మొదలైంది. ఫిడేలు మోగగానే ముసలివాళ్లు తలగుడ్డలు తీశారు. ఒక్కో సమాధి దాటుతూ, లిఖిత తనకు వచ్చిన కీర్తనలు వాయిస్తూ, చివరి వరసకు వచ్చింది. అప్పటికి దొడ్డి గేటు అవతల ముత్యాలు వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

సవరమ్మ సమాధి ముందు లిఖిత ఆగింది. "ఇక్కడ ఏం వాయించాలి తాతా?"

ప్రతి సమాధి దగ్గరా సవరమ్మ ఆఖరున వాయించే ఒక పాట వరస ఉండేది. దానికి పేరు లేదు. తెల్లస్వామి నుంచి గంగయ్యకు, గంగయ్య నుంచి సిస్టరమ్మకు వచ్చింది. ఏ పుస్తకంలోనూ లేదు. అంతోనయ్యకు అది తెలుసు. గుడిలో పాటలకు కూడా ఆయన ఏనాడూ నోరు కలిపినవాడు కాదు.

పార పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. చేతులకంటిన సున్నం పంచెకు తుడుచుకున్నాడు. జనం వంక చూడకుండా, సిలువ వంక చూస్తూ, ఆ వరసను బొంగురు గొంతుతో మొదలుపెట్టాడు. రెండో మలుపు దగ్గర తడబడి ఆగాడు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి ఫిడేలు కూడా అందుకుంది. మళ్లీ ఆ మలుపు దగ్గరికే వచ్చేసరికి ఆయనకు దారి తప్పింది.

"గట్ల గాదు బావా, కిందికి దిగాలె" అంటూ ముత్యాలు గేటు తోసుకుని వచ్చి పాడింది.

అంతోనయ్య ఆమెకు చోటిచ్చి పక్కకు జరిగి, ఆఖరి దాకా పాడాడు.